మూడు కీలు

ఆదివారం, రాత్రి

పక్షవాతం వచ్చాక ఆయన కుడిచెయ్యి మౌస్ పట్టడం లేదు. రేపు బేగంపేట ఆఫీసులో ఒక్కరే కంప్యూటర్ మీద పని చేసి చూపించాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో అడిగొచ్చాను. అంకెల కీలతోనే తెర మీద బాణం కదులుతుంది, ఐదు నొక్కితే క్లిక్. అంతా వరసగా అట్టముక్క మీద రాసిచ్చాను. ఎడమచేత్తో గంటలో పట్టేశారు.

"ఇక ఎలకతో పనేంటే!" అని నవ్వారు.

ఇంతలో కరెంటు పోయింది. వచ్చాక అంకెల కీలతో మళ్లీ బాణం కదలాలంటే ఆల్ట్, షిఫ్ట్, నమ్ లాక్ మూడూ ఒకేసారి నొక్కాలి. రెండు ఈ చివర, ఒకటి ఆ చివర. ఒక్క చేతికి అందవు. ఇందాక నొక్కింది నేనే, రెండు చేతులతో.

"రేపు ఆఫీసుకి నువ్వూ వస్తావేంటి?" అన్నారు, నవ్వకుండా.

అట్ట మీద ఇంకేం రాయాలో తోచడం లేదు...