ఎడమ కనుబొమ

జకోపానె పక్కన మన ఊరి నుంచి,
సెప్టెంబరు చివరి ఆదివారం.

చిట్టితల్లి స్తెఫ్కాకు నాన్న దీవెనలు.

ప్రభువుకు స్తోత్రం. ఇక్కడ అందరం క్షేమమని రాయమని మీ అమ్మ పొయ్యి దగ్గర నుంచి కేకేస్తోంది. కాబట్టి క్షేమమే. నేను, మీ అమ్మ, ఆవు, కుక్క, కుంటి గొర్రె, అందరం. వార్సాలో నువ్వు వేళకు తింటున్నావనీ, ఆ మేడ మీద గదిలో చలికి వణకడం లేదనీ అనుకుంటున్నాను. రంగులకు తగలేసే దాంట్లో సగం బొగ్గుకు పెట్టు. వేళ్ళు కొంకర్లు పోతే ఏ రంగూ పనికిరాదు.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిది మీ అమ్మ మోకాలు గురించి. నొప్పి అలాగే ఉంది, మనిషీ అలాగే ఉంది. మొన్న ఇంటి దుంగల గోడలు కడుగుతానని బకెట్టు పట్టుకుని నిచ్చెనెక్కింది. "దిగవే తల్లీ, కాలు విరిగితే నేను మోయలేను" అంటే, "గోడలు నల్లబడితే మీ కొండవాళ్ళు ఊరుకుంటారా? మైదానం నుంచి తెచ్చిన కోడలు, దానికేం తెలుసు అంటారు" అని పైనుంచే జవాబు. జుట్టంతా నెరిసింది, ఆవిడ మాత్రం ఈ ఊరికింకా కొత్తకోడలే.

రెండోది నువ్వు నాటకానికి వేసిన పోస్టరు చేరిందా అని. భద్రంగా చేరింది. చుట్ట విప్పి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బంగాళాదుంపలు బరువు పెట్టి చూశాం. రాజుగారి నాటకమన్నావు. రాజేడే? కిరీటం ఉంది, కింద తల లేదు. కిరీటంలో కాకి గుడ్లు పొదుగుతోంది. మా నాన్న గాజు మీద బొమ్మలేసేటప్పుడు ఒక గొర్రెపిల్లకే అయిదు రంగులు వాడేవాడు, నువ్వు మహారాజుకు నలుపూ ఎరుపూ తప్ప ఇంకేం ఇవ్వలేదు.

"దీన్ని చూసి జనం టిక్కెట్టు కొంటారా?" అన్నాను.

మీ అమ్మ చాలాసేపు చూసింది. "కొడుకు పోయిన రాజయ్యుంటాడు. ఇల్లు ఖాళీ అయితే కాకులేగా గూడు పెట్టేది" అంది.

ఆ మాట అనేసి, బంగాళాదుంపలు తీసుకెళ్ళి సూపులోకి తరుక్కుంది. పోస్టరు ఇప్పుడు నేను అన్నం తినేచోట గోడకు ఉంది. ఆ కాకి నా గిన్నె వంకే చూస్తుంటుంది. అలవాటైపోయింది.

మూడోదానికీ వస్తాను, తొందరపెట్టకు.

మన ఇంటి మేడగదిలో వేసవి నుంచీ అద్దెకున్న క్రాకూఫ్ చిత్రకారుడు ఒల్గీర్డ్ గారు ఇంకా వెళ్ళలేదు. మంచి మనిషి. పులిసిన క్యాబేజీ సూపు గిన్నె తర్వాత గిన్నె తాగి, మీ అమ్మ చెయ్యి అమృతం అంటాడు. వేసేది మాత్రం ఒక్కటే బొమ్మ. బూడిదరంగు పట్టీ, దాని మీద ఇంకో బూడిదరంగు పట్టీ, పైన తెలుపు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమండీ, సున్నం వేస్తున్నారా?"

"కొండ వేస్తున్నానండీ."

"ఏదీ కొండ?"

"ఉంది వాలెంటీ గారూ. మబ్బు కమ్మింది."

"అబ్బో! అలాగైతే నేనూ గాజుకు తెల్లరంగు పూసేసి, గొర్రెలండీ, మంచులో ఉన్నాయి అని అమ్ముకుంటాను."

పగలబడి నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఈ ఇంట్లో నవ్వు వినపడింది. మీ అమ్మ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

మీ అమ్మ మళ్ళీ కత్తెర పట్టింది. గొర్రెల బొచ్చు తీసే ఆ పెద్ద కత్తెరే. వాళ్ళ మైదానం పద్ధతిలో కాగితంతో కోసిన ఎర్ర పుంజులు, పసుపు పువ్వులు ఒకదాని మీద ఒకటి అతికించేది కదా, మీ తమ్ముడు యెంద్రెక్ పోయాక రంగు కాగితం ముట్టలేదు. ఇప్పుడు నల్ల కాగితం ఒక్కటే మడిచి చెట్టు కోస్తోంది, ఈ కొమ్మన పిట్ట, ఆ కొమ్మన పిట్ట. "ఒక పిట్ట చాలదా?" అన్నాను. "మడిచి కోస్తే రెండోది దానంతటదే వస్తుందయ్యా. నీలాగా కుడి ఎడమల తిప్పలు నాకు లేవు" అంది. అని, వెంటనే నాలుక కరుచుకుంది.

ఎందుకు కరుచుకుందో చెప్పాలంటే నీ మూడో ప్రశ్నకు రావాలి. తమ్ముడి బొమ్మ అయిందా అని అడిగావు. అయింది.

పోయిన ఏడాది కొండల మీంచి విరుచుకుపడే ఆ హల్నీ గాలికి అడవిలో చెట్టు విరిగి వాడి మీద పడ్డప్పటి నుంచి మీ అమ్మది ఒకటే కోరిక. వాణ్ణి గాజు మీద వేసి, ముందుగదిలో పరిశుద్ధుల పటాల వరసలో పెట్టాలి. అదీ ఈ నవంబరు సమాధుల పండుగలోపు.

"పరిశుద్ధుల మధ్య కట్టెలు కొట్టేవాడేంటే? ఫాదరుగారు ఏమంటారు?" అన్నాను.

"నా కొడుకు పక్కన నిలబడటానికి పరిశుద్ధులకేం నామోషీ?" అంది.

వాడి ఫోటో ఒక్కటే ఉంది, సైన్యంలో చేరినప్పటిది. స్టూడియోవాడు మొహం అందంగా ఉండాలని కనుబొమ మీది గాటు చెరిపేశాడు. నువ్వు చిన్నప్పుడు మంచుబండితో గుద్దితే పడిన గాటు. అది లేకపోతే వాడు పక్కూరి పిల్లాడిలా ఉన్నాడు. అందుకని ఫోటో బోర్లించి, మనసులో ఉన్నట్టే వేద్దామనుకున్నాను.

గాజు సంగతి నీకు చెప్పాలా, నా పక్కన కూర్చుని నేర్చినదానివి. కాన్వాసు మీద చివర వేసేది గాజు మీద మొదట వేయాలి. ముందు కనుపాప, కనుబొమ, గీతలు. తర్వాత చర్మం, చొక్కా. అన్నిటికన్నా చివర, వాటినన్నిటినీ కప్పేస్తూ ఆకాశం. వేసేది వెనకనుంచి, చూసేది ముందునుంచి. అందుకే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఆకాశం పూశాక తప్పు కనబడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. "ముందు కళ్ళు, చివర ఆకాశం" అని పాట కట్టి గదంతా గెంతేదానివి, గుర్తుందా?

ఆ రోజు గాలి లేదు, ఎండ బాగుంది. పొద్దున్నే కూర్చున్నాను. ఏం జరిగిందో చెప్తాను, మీ నాన్నకు మతిపోయిందనుకోకు. వాడు వచ్చి గాజుకు అవతల, నా ఎదురుగా కూర్చున్నాడు.

"నాన్నా, నా ముక్కు మరీ అంత లావా?" అన్నాడు.

"నోర్మూసుకుని కదలకుండా కూర్చోరా వెధవా" అన్నాను.

అలాగే కబుర్లు చెప్పుకుంటూ కళ్ళు వేశాను. గాటు నాకు ఎక్కడ కనిపించిందో అక్కడే వేశాను. పొద్దువాలేసరికి ఆకాశం కూడా పూసేశాను, గడ్డికోతలప్పటి నీలం. ఎంత తృప్తిగా ఉందో!

ఆరాక గాజు తిప్పి మీ అమ్మకు చూపించాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ దగ్గరకొచ్చింది.

"వీడెవడయ్యా?" అంది.

"అదేంటే, మన యెంద్రెక్."

"మనవాడికి గాటు ఎడమవైపు. దుప్పటి కప్పినప్పుడల్లా అక్కడేగా ముద్దు పెట్టుకునేదాన్ని."

చూశాను. కుడివైపు ఉంది. జీవితమంతా పరిశుద్ధుల కత్తులు తప్పకుండా కుడిచేతికే ఇచ్చినవాణ్ణి, కన్నకొడుకు దగ్గరకొచ్చేసరికి తిప్పడం మర్చిపోయాను. ఆ రోజు నేను పనిచేయలేదు తల్లీ. వాణ్ణి చూస్తూ కూర్చున్నాను, అంతే.

మీ అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గాజును మెల్లగా వెనక్కి తిప్పింది.

"ఇటునుంచి అయితే గాటు సరైన వైపే ఉంటుంది కదూ?" అని అడిగింది.

"ఉంటుంది" అన్నాను.

ఉంటుంది, కానీ కనపడదు. ఇటువైపు ఉన్నది ఆకాశమే కదా. వాడి మొహం మీద నేనే పూశాను. ఆరిన ఆ నీలం మీద, ఎడమ కనుబొమ ఉండాల్సిన చోట వేలు పెట్టి అలాగే నిలబడింది. తర్వాత గుడ్డ చుట్టి అలమరలో పెట్టేసింది.

ఇప్పుడు అసలు మాట రాస్తున్నాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు. ఇంకో గాజు కోసి రోజూ దాని ముందు కూర్చుంటున్నాను. వాడు రావడం లేదు. కళ్ళు మూసుకుంటే నేను వేసిన ఆ బొమ్మే వస్తోంది, కుడివైపు గాటుతో. వాడి అసలు మొహం నాకు గుర్తు రావడం లేదు స్తెఫ్కా. కన్నతండ్రికి ఇదేం ఖర్మ? మట్టిచేసిన రోజున కూడా ఇంత ఏడవలేదు. నా చేత్తో నేనే వాణ్ణి రెండోసారి పోగొట్టుకున్నాను.

నిన్న మేడగదికి వెళ్ళి ఒల్గీర్డ్ గారి కొండ ముందు నిలబడ్డాను. "ఏం వాలెంటీ గారూ, గొర్రెలు కనిపిస్తున్నాయా?" అని నవ్వాడు. "ఉన్నాయండీ. మబ్బు కమ్మింది" అన్నాను. నా గొంతులో ఏం వినబడిందో ఏమో, కుర్చీ నా వైపు జరిపి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. చాలాసేపు కూర్చున్నాను.

మీ అమ్మ క్షేమమని రాశావా అని మళ్ళీ అడుగుతోంది. రాశానన్నాను.

సమాధుల పండుగకు రా తల్లీ. నాటకం పని ఉందని చెప్పకు. ఆ రాజు ఇన్నాళ్ళూ తల లేకుండానే ఉన్నాడు, ఇంకో వారం ఉంటాడు. తమ్ముడికి ఆ గాటు పెట్టింది నీ చెయ్యి. ఏ వైపో దానికి తెలుసు. ఆ కొత్త గాజు మీద నువ్వే వాడి కళ్ళు వెయ్యి, కనుబొమ వెయ్యి. నీ పద్ధతిలోనే వెయ్యి, నలుపూ ఎరుపూ చాలంటే చాలు, నేను నోరెత్తను. అమ్మ చూసి వీడేనంటే అప్పుడు నన్ను పిలువు. నేనూ గాజు ముందువైపుకొచ్చి వాణ్ణి ఒకసారి కళ్ళారా చూసుకుంటాను. చూసుకున్నాక, ఆకాశం నేనే పూస్తాను.

ఇట్లు,
ఖాళీ గాజు ముందు కూర్చుని నీకోసం ఎదురుచూస్తున్న
మీ నాన్న
వాలెంటీ