తడిమట్టిలో రవి అడుగులు

శ్రీవారికి,

మీ లక్ష్మి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరం మొదట్లో అలా రాయాలి కాబట్టి రాశాను. మీరూ ఆ కొండల్లో క్షేమమేనని రాశారు, నేనూ నమ్మినట్టే ఉన్నాను. ఫోన్ చేసుకుంటే ఇద్దరం ఏడవడం తప్ప మాట్లాడుకునేది ఉండటం లేదు, ఉత్తరాలే నయమన్నారు. నిజమేనండీ.

మామిడి తోట గురించి అడిగారు. కలెక్టరు కాయ పర్వాలేదు. చిన్నరసాలకి పూత బాగానే వచ్చింది గానీ పురుగు తగిలి సగం మాడిపోయింది. మందు కొట్టించాను. మోటారు మళ్ళీ కాలితే విస్సన్నపేట నుంచి పాల్ రాజు వచ్చి బాగుచేసి వెళ్ళాడు. మీరేమో సొరంగం పనికి సూపర్‌వైజర్‌గా వెళ్ళి మంచు చూస్తున్నారు, నేనిక్కడ మోటారుతో కుస్తీ పడుతున్నాను. రవి లేని తోటలో అడుగు పెట్టలేనన్నారు కాబట్టి ఊరుకున్నాను, లేకపోతే అంత దూరం పంపేదాన్నా?

నా కాలి సంగతి మీ చెవిన వేసింది మీ బసవమ్మ పిన్నేగా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అవును, కుడికాలి మడమ వెనక నొప్పి. పొద్దున్నే మంచం దిగి కాలు మోపితే ప్రాణం పోతోంది. చీలమండ వాచి వెండి పట్టీ కూడా తీసేశాను. బెణుకేననుకుని ఆముదం రాసి కాపడం పెట్టుకున్నాను. పిన్ని చూసి, "ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళు తొక్కితే ఇట్టే పోద్దే లక్ష్మీ. మన రవిగాడుంటేనా..." అని నోరు నొక్కుకుంది.

వాడు ఎదురుకాళ్ళతో పుట్టాడని ఊళ్ళో ఎవరికి నడుం పట్టినా, కాలు బెణికినా మన గుమ్మంలోకే వచ్చేవాళ్ళు కదండీ. తొక్కేసి, "ఫీజు ఒక రసం కాయ" అనేవాడు దొంగవెధవ. ఊరందరినీ తొక్కాడు, అమ్మ కాలికి అవసరమొచ్చేసరికి లేకుండా పోయాడు. ఉంగుటూరులో అలా పుట్టిన పిల్ల ఉందట, తీసుకెళ్తానంది పిన్ని. వద్దన్నాను. వాడి కాలు పడాల్సిన చోట ఇంకొకరి కాలు పడనివ్వను.

చివరికి హనుమాన్ జంక్షన్ వెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించుకున్నాను. స్కాన్ తీశాడు. "నరం కాదమ్మా, టెండన్ అంటారు. పిక్కని మడమకి కట్టి ఉంచే తాడు లాంటిది. పీచు రేగిపోయింది. ఇలాగే నడిస్తే తెగుద్ది" అన్నాడు. మడమ వెనక చర్మం ఒరుసుకుపోయి ఉండటం చూసి, "సైజు సరిపడని బూట్లేమైనా వేస్తున్నారా?" అని అడిగాడు. అబ్బే, హవాయి చెప్పులేనండీ అన్నాను.

ఇక మీరడిగింది. రెండు ఉత్తరాల నుంచి అడుగుతున్నారు, నేను దాటేస్తున్నాను. రవి కలలోకి వస్తున్నాడనీ, మండుటెండలో ఉత్తికాళ్ళతో నడుస్తున్నాడనీ రాశారు. పెద్దకర్మ నాడు వాడి బూట్లే దానమిచ్చాం కదా, మరి ఎందుకిలా అన్నారు.

ఇవ్వలేదండీ.

పోయినవాళ్ళకి ఆ దారిలో కాళ్ళు కాలకూడదని గొడుగూ చెప్పులూ దానమిస్తారు. పోలీసు సెలక్షన్ల కోసం వాడు పరుగెత్తిన బూట్లే ఇద్దామని మీరు సంచిలో పెట్టారు. మీరు స్నానానికి వెళ్ళగానే వాటిని తీసేసి కొత్త చెప్పులు పెట్టాను. లారీ గుద్దిన రోజు వాడు చెప్పులేసుకుని బండెక్కాడు, బూట్లు ఇంట్లోనే ఉండిపోయాయి. లోపల వాడి వేళ్ళు పడ్డ గుంటలు అలాగే ఉన్నాయి. ఎలా ఇవ్వమంటారు?

వాటినే వేసుకుని తోటకి వెళ్తున్నాను. ముందు భాగంలో పాత చీర గుడ్డ కుక్కుకున్నాను, అయినా మడమ జారుతూనే ఉంటుంది. నీళ్ళు పెట్టిన మట్టిలో కొంత దూరం నడిచి వెనక్కి తిరిగితే, అవి వాడి అడుగులేనండీ. పొద్దున్నే పరుగుకి వెళ్ళాడు, ఇప్పుడొచ్చేస్తాడు అనిపిస్తుంది. ఆ కాసేపూ నాకు కొడుకున్నాడు. డాక్టరు దగ్గర అందుకే అబద్ధమాడాను.

మీ కల చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. నా కాలు తెగితే తెగనీ. కొత్త చెప్పులిచ్చినా, వాడివి నేను దాచుకున్నందుకు నా బిడ్డ కాళ్ళు కాల్చుకుంటున్నాడా? ఇచ్చేద్దామని రోజూ అనుకుంటాను. పొద్దున్నే లేచి మళ్ళీ కాళ్ళు దూరుస్తాను. నా వల్ల కావడం లేదు.

వైశాఖంలో సంవత్సరీకానికి రండి. పెళ్ళాం కాళ్ళు పట్టుకున్నాడని నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి, మీ చేతులతోనే నా కాళ్ళ నుంచి అవి తీసి దానమిచ్చేయండి. లేసులు వాడు వేసుకున్న ముడితోనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను ముట్టుకోలేదు. మీరూ ఆ ముడి మాత్రం విప్పకండి.

ఇట్లు,
మీ రవి వాళ్ళమ్మ
సౌభాగ్యలక్ష్మి