కాగితం లేని అద్దె

గురువారం, అనకాపల్లి

రెండేళ్లుగా అమ్ముడుపోని ఫ్లాట్‌ని నక్కపల్లి నుంచి వచ్చిన మాస్టారికి అద్దెకిచ్చాను. పొద్దున్నే పాలు పొంగించారు. అగ్రిమెంటు రాసుకుందామని ఆయనే అడిగాడు. ముప్పై ఏళ్లు నోటిమాట మీదే బెల్లం వ్యాపారం చేసినవాణ్ణి కదా, "కాయితాలెందుకు మాస్టారూ, మాట సాలదా?" అనేశాను.

సాయంత్రం మరిచిపోయిన గొడుగు కోసం వెళ్తే, ఆయన తలుపుకి కొత్త తాళం బిగిస్తున్నాడు.

"ఏటి, మార్చేత్తన్నారా?"

"మా ఆవిడికి ఇల్లు తెగ నచ్చేసిందండీ. ఇంక ఇక్కణ్ణించి కదల్నంటంది," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. మెట్లు దిగుతూ జేబు తడుముకున్నాను. నా జేబులో ఉన్న తాళంచెవి ఇప్పుడు ఏ తలుపూ తెరవదు.

రేపే వెళ్లి కాగితం రాసుకుందామని అడగాలి. "మాట సాలదా?" అని ఆయన అంటే...