రసాల రంగు వెలిసిన వేసవి

ఏప్రిల్ 4
ఎడమ కంట్లో మసక. కన్ను తిప్పితే లోపల నొప్పి. నూజివీడు కళ్లజోళ్ల షాపులో, "పవర్ మారిందండీ." కొత్త అద్దాలు పెట్టుకున్నా... అదే మసక.

ఏప్రిల్ 7
గడ్డిలోంచి మాగిన రసం మామిడిపళ్లు తీస్తున్నాం. కుడికంటికి బంగారం. అది మూస్తే — ఉతికి ఉతికి వెలిసిన బట్ట. నాన్న ఉండగా మొదటి పండు నా చేతికే. "వాసన చూసి చెప్పమ్మా, మాగిందా?"
వాసన మాత్రం అదే.

ఏప్రిల్ 10
విజయవాడ. కంటి డాక్టరు నరాల డాక్టరమ్మ దగ్గరకు పంపారు.
"ఇంతకుముందు ఎక్కడైనా తిమ్మిరి వచ్చి పోయిందామ్మా?"
పాప పుట్టిన ఏడాది. నడుము కిందంతా మొద్దు. బాలింత నీరసం అన్నారందరూ. దానంతటదే పోయింది. మెడ వంచితే వెన్నులోకి కరెంటు పాకేది — అదీ చెప్పాను. ఆవిడ రాయడం ఆపి నన్నే చూశారు. తలకీ వెన్నుకీ ఎమ్మారై.

ఏప్రిల్ 13
మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాల పైపొరను తినేస్తోందట. మెదడులో మచ్చలు... పాతవీ, కొత్తవీ.
మా ఆయన — "తగ్గుద్దాండీ?"
"పూర్తిగా పోదు. అదుపులో పెట్టచ్చు."
అమ్మ ఫోన్లో ఏడుపు. "ఎవరి దిష్టి తగిలిందే..."

ఏప్రిల్ 15
స్టెరాయిడ్ సెలైన్. నోట్లో ఇనుము రుచి. కళ్లు మూస్తే చాట్రాయిలో పుట్టింటి తోట. అక్కా నేనూ కొమ్మ మీదే కూర్చుని రసాలు జుర్రుకోవడం, మోచేతుల దాకా కారడం. కింద నాన్న — "దిగండే, కొమ్మ విరుగుద్ది!"
దిగేవాళ్లమా!

ఏప్రిల్ 24
రంగు తిరిగొస్తోంది. మొత్తం కాదు.

మే 6
మళ్లీ మళ్లీ రాకుండా ఆపే మందు మొదలు. "రెండో బిడ్డ కావాలనుకుంటే ముందే చెప్పండి. మందు మార్చాలి."
బస్సు ఆగిరిపల్లి దాటాక ఆయనన్నారు — "నువ్వు బాగుంటే చాలు."
నాకు చాలదు.

మే 14
ఎండలో తోటదాకా నడిచాను. కన్ను మళ్లీ మసక. నీడలో తడి తువ్వాలు కప్పుకుని కూర్చుంటే తేరుకుంది. వేడికి పాతదే పైకి తేలుతుందని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఒకప్పుడు ఎండంటే సెలవులు. చెప్పులు కూడా గుర్తుండేవి కావు.

మే 19
పొద్దున, ఇంకా చల్లగానే ఉంది. పాపకి జడ వేస్తుంటే కుడిచేతి వేళ్లలోంచి పాయ జారిపోయింది. "గట్టిగా లాగమ్మా."
కొత్తగా ఏదైనా వచ్చి రోజు గడిచినా తగ్గకపోతే ఫోన్ చేయమన్నారు డాక్టరమ్మ. సాయంత్రమైంది. వేళ్లు అలాగే. అక్షరాలూ వంకర. మా ఆయన ఫోన్లో ఆవిడ నంబరు తీసి, నొక్కకుండా నావైపే చూస్తున్నారు.
"తెల్లారనిద్దామండీ" అన్నాను...