మా అంగడికొచ్చే డాక్టరు

రాబర్ట్‌సన్‌పేట,
14 నవంబరు 2024, గురువారం.

నేత్రావతి చిన్నమ్మకు,

ఈ రోజు పొద్దున్నే ఆశ్చర్యం. దినమూ మాత్ర మింగుతున్నా, రిపోర్టులో నా థైరాయిడ్ అంకె పోయినసారికన్నా పెరిగింది. డాక్టరు ఆ కాగితం సరిగా చూడనే లేదు.

"మాత్ర ఎగ్గొట్టేసి అలసట అంటావా? నీది బద్ధకం" అన్నాడు.

"దినామూ నేనే చేతిలో పెడతా సార్" అంది అమ్మ.

"మీ గారాబంతోనే ఇట్ల లావైందమ్మా!"

బద్ధకమే అయితే పడుకుంటే హాయిగా ఉండాలి కదా. నాకు నిద్రపోయి లేచినా బడలిక తీరడం లేదు. గొంతు బొంగురుపోయి, క్లాసులో పద్యం చదవమంటే భయమేస్తోంది. ఇవన్నీ చెప్పేలోపే ఆయన గంట కొట్టి ఇంకొకరిని పిలిచాడు.

కోలారులో వేరే డాక్టరుకు చూపిద్దామంటే నాన్న ఒప్పుకోవడం లేదు. "ఆయనింటి సరుకులన్నీ మన అంగడివే. తెలిస్తే ఇంగ మన గడప తొక్కుతాడా?" అంటున్నాడు. నా ఒంటికన్నా ఆయన కొనే కందిబేడలు ఎక్కువయ్యాయా, చిన్నమ్మా? నువ్వు తోడొస్తే పొమ్మని అమ్మ మెల్లగా చెప్పింది.

ఫోనైతే నాన్న వింటాడని ఈ ఉత్తరం మీ ఊరి అర్పిత చేతికిస్తున్నాను. రేపు పొద్దున బేతమంగళ నుంచి మొదటి బస్సుకే వచ్చెయ్. రిపోర్టులు పట్టుకుని బస్టాండులో ఉంటాను. కొత్త డాక్టరుతో మాట్లాడేది నేనే. ఆయన కూడా మధ్యలో ఆపితే, నేను చెప్పడం ముగించేదాకా నువ్వు కుర్చీలోంచి లేవొద్దు.

నీ అక్క కూతురు