వద్దనగలిగే చోటు

నా తల్లి యారెలీకి అమ్మ ముద్దులు. ఫ్రెస్నో ఎండల్లో నేనూ, నాన్నా, నీ ముసలి కుక్కా కులాసాగానే ఉన్నాం. నౌకాదళం వాళ్లు ట్రైనింగులో ఫోను లాగేసుకోబట్టి గానీ, లేకపోతే నువ్వు నాకు ఉత్తరం రాసేదానివా? కాళ్లకు బొబ్బలెక్కాయన్నావు. రెండు జతల మేజోళ్లు వేసుకో.

బర్గర్ల షాపులో మనిషికి బదులు ఆర్డరు తీసుకునే తెరలు పెట్టారా, నిన్ను ఉంచారా అని అడిగావు. పెట్టారు. ఉంచారు. ఎలా ఉంచారన్నదే చెప్పాలి.

కొత్త చట్టంతో మా జీతాలు పెరిగాయి కదా. ఆ సంతోషం అరక్కముందే తలుపు పక్కన రెండు తెరలు వెలిశాయి. మా ఓనరు డేల్ చెడ్డవాడు కాదు. ధర పెంచితే జనం ఎదురు షాపుకి పోతారు, పెంచకపోతే జీతాలు ఎక్కణ్ణుంచి తేవాలని వాపోతాడు. తెర జీతం అడగదు కనుక పెట్టాడనుకున్నాను. అసలు సంగతి వేరట.

"ఒఫీలియా, తెర చవకని కాదు, దానికి సిగ్గు లేదు," అన్నాడు నన్ను పక్కకి పిలిచి. "వచ్చిన ప్రతివాణ్ణీ పెద్ద గ్లాసు కావాలా, ఇంకోటి కావాలా అని అడుగుద్ది. నువ్వు అడగవు. అందుకే దాని దగ్గర బిల్లు పెరుగుతోంది. శనివారం దాకా చూస్తా. దాన్ని దాటావా, కౌంటరు ఉంటది. లేదంటే నా చేతుల్లో లేదు."

నిజమే, నేను అడగను. ద్రాక్షతోటలో ఎండకి మాడి వచ్చినవాళ్ల జేబు సంగతి నాకు తెలియదా? కానీ నాన్న నడుము ఆపరేషను నా ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్సు మీదే ఉంది. నాకు భయం వేసింది.

ఆ వారమంతా గొంతుకి తేనె రాసుకుని అడిగాను. తెర ముందైతే మన పేటవాళ్లు టక్కున 'వద్దు' నొక్కేస్తారు. మనిషి మొహం చూసి వద్దనడం వాళ్లకి చేతకాదు. పెడతానన్నవాళ్లని కాదనడం అమర్యాదని ఉగ్గుపాలతో నేర్పుతాం కదా. నేను ఆ మర్యాదనే అమ్ముకున్నాను. "నువ్వడిగావు కాబట్టి," అని నసుగుతూ పర్సులు తీశారు. శనివారానికి తెరని దాటేశాను. డేల్ చప్పట్లు కొట్టాడు.

ఇక ఇంతసేపూ దాచిన మాట. వెనక వీధి యుసేబియో తాతకి షుగరు కదా. తీపి పానీయం ఇవ్వొద్దని ఆయన భార్య చాయో నా చేతులు పట్టుకుని మరీ చెప్పింది. ఆయన్నీ అడిగాను. ఆయన నా మొహం చూసి, సరేనని తలూపాడు. నిండు గ్లాసు నా చేత్తోనే ఇచ్చాను. ఛీ, నేనేం మనిషినే.

ఈ మధ్యాహ్నం నా కౌంటరు ముందు ఒక్కరూ లేరు. మనవాళ్లంతా తెరల దగ్గర వరసలో నిలబడ్డారు. చూపు ఆనని యుసేబియో తాత కూడా ఆ బొమ్మలతో కుస్తీ పడుతున్నాడు. వెళ్లి, ఇటు రా బాబాయ్, నేను చూస్తానుగా అన్నాను. ఆయన నా భుజం తట్టాడు.

"ఏమనుకోకమ్మా. దీనికైతే వద్దని చెప్పొచ్చు."

వెనక్కి వచ్చి, మరక లేని కౌంటరునే తుడుస్తూ నిలబడ్డాను. డేల్ తన గది అద్దంలోంచి నన్నూ, ఆ వరసనీ మార్చి మార్చి చూశాడు. రేపు పొద్దున్నే మాట్లాడాలన్నాడు. నాన్నకి ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
నీకు కూడా వద్దనడం నేర్పని
మీ అమ్మ