ముప్పయ్యో కిలోమీటరు

ఇటెన్,
మే 4, సోమవారం.

జెమాయో అక్కకు,

పక్కింటి చెల్లెలు జెలగత్ వందనాలతో రాయునది. ఇక్కడ మీ అమ్మతో, నిన్న ఈనిన ఆవుతో సహా అందరం క్షేమం. నైరోబీలో నువ్వూ క్షేమమని, అక్కడి చల్లారిన మొక్కజొన్న ఉగాలి ముద్ద తిని చిక్కిపోలేదని తలుస్తాను.

మొన్న మీ ఇంటికి ఒక తెల్లాయన వచ్చాడు. కొందరికే అంత గొప్ప పరుగు ఎలా అబ్బుతుందో పుస్తకం రాస్తాడట. టేపు తీసి నా పిక్కలు కూడా కొలిచాడు. సంతలో మేకను కూడా ఇంత తడమరని మీ అమ్మ ఒకటే నవ్వు. నీ కూతురు బడికి ఎంత దూరం పరుగెత్తేదని ఆయన మీ అమ్మను అడిగితే, బడి మా కంచె అవతలేనయ్యా, అయినా రోజూ ఆలస్యంగానే పోయేది అంది. పాపం, ఆయన ముఖం చిన్నబోయింది.

అప్పుడు మన కోచ్ కిబోర్ అందుకున్నాడు. పుల్లపాలూ కొండగాలీ ఉత్తమాట, పుట్టుకతో రావాల్సిందే అన్నాడు. నన్ను చూపించి, ఇదిగో, ఈ పిల్లా ఆ పాలే తాగింది, ఆ గాలే పీల్చింది, ముప్పై దగ్గరే ఆగిపోతుంది, గెలిచేది మాత్రం జెమాయోనే అన్నాడు. అందరూ తలూపారు. నాకు ఒళ్లు మండింది.

నేను ఆగేది అలిసిపోయి కాదు కదక్కా! నీ పేసర్‌ని. మారథాన్‌లో నీ ముందు పరుగెత్తి, ఎదురుగాలి కాచి, ముప్పయ్యో కిలోమీటరు రాగానే పక్కకు తప్పుకోవడమే నా పని. నాలుగేళ్లుగా అక్కడే నిలబడి, నీ వీపు చూస్తూ చప్పట్లు కొడుతున్నాను.

నీకున్నది గొప్ప వరమే, కాదనను. నొప్పి మొదలైతే అందరూ వేగం తగ్గిస్తారు, నువ్వు పళ్లు బిగించి పెంచుతావు. నాలో అది ఉందో లేదో ఎవరు చూశారు? నేనే చూడలేదు. టేపుతో తేలే సంగతి కాదిది. ఈసారి తేల్చుకోవాలని గట్టిగా నిశ్చయించుకున్నాను. నీ ముఖం చూస్తే నోరు పెగలదని ఉత్తరం రాస్తున్నాను. కోపం వస్తే తిట్టు, మాట్లాడటం మాత్రం మానకు.

మీ అమ్మ సొరబుర్రలో పుల్లపాలు పంపుతోంది. పందెం రోజుకు నాకూ కాస్త మిగుల్చు.

నీ మీద ప్రేమ తగ్గని
జెలగత్

తా.క.: ఆదివారం నేను తప్పుకోను. పేసర్ చివరిదాకా పరుగెత్తవచ్చని నిబంధనల్లోనే ఉంది, పందెం పెద్దలకు చెప్పేశాను. ముప్పై దాకా ఎప్పటిలాగే నీకు గాలి కాస్తాను, అది నీకిచ్చిన మాట. ఆ తర్వాత దారి ఇవ్వను, అక్కా. గెలవాలంటే నన్ను దాటే వెళ్లాలి.